మిర్చి ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో ఫైళ్ల షేరింగ్: ఇచ్చేటప్పుడే తీసెయ్యడం గురించి ఆలోచించండి

గుంటూరు నుంచి ఒక కంటెయినర్ తేజ మిర్చి బయల్దేరి ఓడ ఎక్కేలోపు మా ఆఫీసు కాగితాలు ఎంతమంది దగ్గరికి వెళ్తాయో చూడండి. యార్డులో కమీషన్ ఏజెంటు, కోల్డ్ స్టోరేజీ గుమాస్తా, తొడిమలు తీయించే గోడౌన్ సూపర్‌వైజర్, శాంపిల్ పరీక్షించే ల్యాబ్, చెన్నైలో కస్టమ్స్ ఏజెంటు, బ్యాంకు, ఆడిటర్ గారి ఆఫీసు, చివరికి సరుకు కొన్న పార్టీ. వీళ్లలో ప్రతి ఒక్కరికీ మా దగ్గరున్న ఏదో ఒక ఫైలు కావాలి. అన్ని ఫైళ్లూ కావలసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

నేను ఇక్కడ డాక్యుమెంటేషన్ చూస్తాను. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, సరుకుకు తెగుళ్లు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్, పురుగులు చావడానికి మందు పొగ పెట్టినట్టు ఇచ్చే ఫ్యూమిగేషన్ సర్టిఫికెట్, సరుకు ఓడ ఎక్కినట్టు షిప్పింగ్ కంపెనీ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్, సీజన్లో ఇవన్నీ నా టేబుల్ మీదుగానే పోతాయి. ఒకప్పుడు బాక్స్ ఫైళ్లలో ఉండేవి, సాయంత్రం బీరువాకి తాళం వేస్తే పనైపోయేది. ఇప్పుడు గూగుల్ డ్రైవ్‌లో ఉంటున్నాయి. యాక్సెస్ ఇవ్వడం మా కుర్రాళ్లందరికీ వచ్చు, అర నిమిషం పని. అవసరం తీరాక దాన్ని తీసెయ్యడం ఎవరికీ గుర్తుండదు. అందుకని నేను ఎవరికైనా యాక్సెస్ ఇచ్చే ముందు ఒకటే చూసుకుంటాను: రేపు దీన్ని తియ్యాలంటే ఎన్ని చోట్ల తియ్యాలి? ఒక్క చోటే అయితే ఇస్తాను. నాలుగు చోట్ల అయితే ఏర్పాటు మార్చాకే ఇస్తాను.

గూగుల్ డ్రైవ్ పేర్లతోనే చెబుతున్నాను. వన్‌డ్రైవ్ వాడేవాళ్లకు బటన్ల పేర్లు మారతాయి, పద్ధతి ఇదే.

ముందు కాగితం మీద

కంప్యూటర్ తెరవకముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. ఎడమవైపు మనుషుల పేర్లు కాకుండా పనుల పేర్లు రాయండి: కస్టమ్స్ ఏజెంటు, ఆడిటర్, గోడౌన్, బ్యాంకు, కొనుగోలుదారు. మనుషులు మారుతుంటారు, పని అదే ఉంటుంది. ఒక్కోదాని ఎదురుగా వాళ్లు ఏం చూడాలి, అందులో ఏమైనా మార్చాలా, ఎప్పటిదాకా అని రాయండి.

మా కాగితంలో కొంత చెబుతాను. కస్టమ్స్ ఏజెంటుకు ఆ షిప్‌మెంట్ ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, మా ఐఈసీ (ఎగుమతి, దిగుమతి కోడ్), జీఎస్టీ కాపీలు. చూడటం వరకే, బిల్ ఆఫ్ లేడింగ్ చేతికొచ్చేదాకా. గోడౌన్ సూపర్‌వైజర్‌కు లాట్ల షీటు. టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య, తూకం నింపేది అతనే కాబట్టి మార్చే వీలు ఉండాలి, సీజన్ ఉన్నంతకాలం. ఆడిటర్‌కు తక్‌పట్టీలు (యార్డులో కమీషన్ ఏజెంటు రాసే అమ్మకం చీటీలు), కొనుగోలు బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు. ఆడిట్ సంతకాలు అయ్యేదాకా. రేట్ల షీటు ఓనరు గారికి, వాళ్ల అబ్బాయికి, నాకు.

"ఎప్పటిదాకా" అన్న గడి దగ్గరే అందరూ పెన్ను ఆపుతారు. "ఎప్పటికీ" అని రాయాల్సి వస్తే రాయండి గానీ, ఒకసారి ఆలోచించి రాయండి. బయటివాళ్ల విషయంలో ఆ మాట రాయాల్సిన అవసరం నాకింతవరకు రాలేదు.

ఫైలు ఎవరి ఖాతాలో పుడుతోంది

చిన్న ఆఫీసుల్లో అసలు ఇబ్బంది ఇక్కడే. కొత్తగా చేరిన కుర్రాడు చురుగ్గా తన సొంత జీమెయిల్‌లో షీటు తెరిచి, లెక్కలు నింపి, ఓనరు గారికి షేర్ చేస్తాడు. ఓనరు గారికి ఫోన్లో కనిపిస్తుంది కాబట్టి అది ఆఫీసుదే అనుకుంటారు. గూగుల్ లెక్కలో అది ఆ అబ్బాయిది. ఇంకో చిక్కు చాలామందికి తెలియదు: మీరు తెరిచిన ఫోల్డర్‌లోనే అతను ఫైలు అప్‌లోడ్ చేసినా, మామూలు డ్రైవ్‌లో ఆ ఫైలుకు ఓనర్ అతనే. ఫోల్డర్ మీది, లోపలి కాగితం అతనిది. అతను దాన్ని తీసేసినా, ఖాతానే మూసేసినా మీరు చేయగలిగింది లేదు.

మాకు తెలిసిన ఒక ట్రేడింగ్ ఆఫీసులో కోల్డ్ స్టోరేజీ లాట్ల లెక్కంతా ఇలాగే మానేసిన గుమాస్తా ఖాతాలో ఉండిపోయింది. అతను మంచివాడే, అడిగితే ఇచ్చాడు. కానీ అప్పటికి హైదరాబాదులో వేరే ఉద్యోగంలో ఉన్నాడు, ఫోన్ ఎత్తేసరికి సాయంత్రమైంది. ఇక్కడ లారీ లోడింగ్‌కు నిలబడి ఉంది, హమాలీలు కూర్చుని ఉన్నారు.

సొంత జీమెయిల్ ఖాతాల మధ్య ఓనర్‌షిప్ మార్చుకోవచ్చు. షేర్ పెట్టె తెరిచి, ఆ మనిషి పేరు పక్కన ట్రాన్స్‌ఫర్ ఓనర్‌షిప్ నొక్కాలి. అవతలివాళ్లు ఒప్పుకున్నాకే మారుతుంది. కుర్రాడి సొంత జీమెయిల్ నుంచి ఆఫీసు డొమైన్ ఖాతాకు (కంపెనీ సొంత పేరుతో ముగిసే మెయిల్‌కు) మాత్రం ఇలా నేరుగా మార్చడం కుదరదు. ఆఫీసు ఖాతాలోకి కాపీ తీసుకుని, ఇక నుంచి ఆ కాపీలోనే పని చేయాలి. ఇది అతను ఉద్యోగంలో ఉండగానే, మొహమాటం లేకుండా చేయించాల్సిన పని.

దీనికి సరైన మందు, ఆఫీసుల కోసం గూగుల్ డబ్బుకు ఇచ్చే వర్క్‌స్పేస్‌లోని షేర్డ్ డ్రైవ్. అందులో ఎవరు ఫైలు పెట్టినా అది సంస్థది అవుతుంది, మనిషి వెళ్లిపోయినా ఫైలు కదలదు. మీరు కొనే ప్లానులో షేర్డ్ డ్రైవ్ ఉందో లేదో చూసుకుని కొనండి. ఒక జాగ్రత్త: అందులో కొత్త మనిషిని చేరిస్తే మామూలుగా కంటెంట్ మేనేజర్ అనే హోదా వస్తుంది. అంటే ఫైళ్లు మార్చడం, జరపడం, తీసెయ్యడం అన్నీ చేయగలడు. రోజూ ఫైళ్లు పెట్టే గుమాస్తాకు దాని కింది హోదా, కంట్రిబ్యూటర్, చాలు. పెట్టగలడు, మార్చగలడు, తీసెయ్యలేడు. అన్నిటికన్నా పైనుండే మేనేజర్ హోదా ఇద్దరికి మించి వద్దు. ఒక్కరికే కూడా వద్దు, ఆ ఒక్కరూ తిరుపతి వెళ్తే ఆఫీసు ఆగిపోతుంది.

డబ్బు పెట్టలేం అనుకుంటే ఆఫీసు పేరుతో ఒక జీమెయిల్ తెరిచి, ఫోల్డర్లు, ముఖ్యమైన షీట్లు అన్నీ ఆ ఖాతాలోనే మొదలుపెట్టండి. ఉచితంగా వచ్చే 15 జీబీలో మెయిల్, ఫోటోలు కూడా కలిసే ఉంటాయి కాబట్టి, గోడౌన్ నుంచి వచ్చే వీడియోలు అందులో పోయకండి.

ఫోల్డర్లు విషయం బట్టి కాదు, చూసేవాళ్లను బట్టి

మా ఆఫీసులో ముందున్న అమరిక చూడటానికి బాగుండేది. "ఇన్‌వాయిస్‌లు" ఒక ఫోల్డర్, "సర్టిఫికెట్లు" ఒక ఫోల్డర్, "ల్యాబ్ రిపోర్టులు" ఒకటి. స్పైసెస్ బోర్డు ల్యాబ్ గుంటూరులోనే ఉంది, అఫ్లాటాక్సిన్ (బూజు విషం), సుడాన్ (కల్తీ) రంగుల రిపోర్టులు బోలెడు వస్తాయి. అవన్నీ ఒక చోట ఉంటే వెతుక్కోవడం సులువే. కానీ ఒక కొనుగోలుదారుకు తన రిపోర్టు చూపించాలంటే ఆ ఒక్క ఫైలును విడిగా షేర్ చేయాలి. ఇన్‌వాయిస్ విడిగా, ప్యాకింగ్ లిస్టు విడిగా. తియ్యాల్సి వచ్చినప్పుడు అన్ని చోట్లా తిరగాలి.

పై ఫోల్డర్‌కు ఇచ్చిన యాక్సెస్ కాలువ నీళ్లలా కింది ఫోల్డర్లన్నిటికీ పారుతుంది. మధ్యలో అడ్డుకట్ట వేసే వీలు ఇప్పుడు వచ్చింది గానీ నేను దాని మీద ఆధారపడను. ఎక్కడ కట్టామో మనకే గుర్తుండదు. అందుకే పై వరసలోనే చూసేవాళ్లను బట్టి విడగొట్టాం. "ఆఫీసు లోపల", "ఆడిటర్", "గోడౌన్", "జీతాలు, కూలీలు", "రేట్లు", "షిప్‌మెంట్లు". షిప్‌మెంట్ల లోపల ఒక్కో కంటెయినర్‌కు ఒక ఫోల్డర్, అందులో మళ్లీ రెండు: "బయటికి", "లోపల". కస్టమ్స్ ఏజెంటు, కొనుగోలుదారు చూసేది "బయటికి" ఒక్కటే. డ్రాఫ్టు ఇన్‌వాయిస్, కొన్న ధర, మా లాభం లెక్క "లోపల" ఉంటాయి. ఫైనల్ అయ్యాక పీడీఎఫ్ చేసి "బయటికి" లో వేస్తాను. ఎక్సెల్ ఎప్పుడూ అటు వెళ్లదు.

దీంతో పాటు ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఫైలును విడిగా షేర్ చెయ్యకూడదు, ఫోల్డర్‌నే చెయ్యాలి. ఎందుకంటే ఒక మనిషిని ఫోల్డర్ నుంచి తీసేసినా, అతనికి ఎప్పుడో విడిగా ఇచ్చిన ఫైలు అతనికి అలాగే తెరుచుకుంటూ ఉంటుంది. తీసేశాం అని మనం నిశ్చింతగా ఉంటాం.

ఇంకొంచెం ముందుకెళ్తే, గోడౌన్‌లో ఉన్నవాళ్ల మెయిళ్లతో ఒక గూగుల్ గ్రూపు తెరిచి, ఫోల్డర్‌ను ఆ గ్రూపుకే షేర్ చేయండి. మామూలు జీమెయిల్‌తో కూడా గ్రూపు తెరవచ్చు. సూపర్‌వైజర్ మారితే గ్రూపులో పేరు మార్చడమే, ఫోల్డర్ల జోలికి పోనక్కర్లేదు.

షేర్ బటన్ నొక్కాక

మెయిల్ టైప్ చేయగానే పక్కన ఎడిటర్ అని దానంతటదే వస్తుంది. దాన్ని వ్యూయర్‌గా మార్చాకే సెండ్ నొక్కాలి. తప్పు దిద్దమని అడిగేవాళ్లకైతే కామెంటర్ ఇవ్వండి, అంకె పక్కన రాస్తారు గానీ అంకె మార్చలేరు. మెయిల్ అడ్రసు చేత్తో టైప్ చేసేటప్పుడు ఒక అక్షరం తప్పితే ఇంకెవరికో వెళ్తుంది. అందుకే అవతలి మనిషిని ముందు ఒక మెయిల్ పెట్టమంటాను, దానిలోంచి కాపీ చేసుకుంటాను.

అదే పెట్టెలో పైన చక్రం బొమ్మ ఉంటుంది. దాన్ని మావాళ్లు ఎవరూ ముట్టుకోరు, అసలు సంగతులు అక్కడే ఉన్నాయి. ఎడిటర్లు ఇంకొకరికి షేర్ చేయవచ్చు అన్న టిక్కు ఒకటి. దాన్ని తీసెయ్యండి. లేకపోతే మీరు ఇచ్చినవాడు ఎవరికి ఇచ్చాడో మీకు తెలిసేది ఎప్పుడో లిస్టు తెరిచి చూసినప్పుడే. రెండోది, ఫైలు షేర్ పెట్టెలో ఉండేది, చూసేవాళ్లు డౌన్‌లోడ్, ప్రింట్, కాపీ చేసుకోవచ్చు అన్నది. కస్టమ్స్ ఏజెంటుకు ప్రింట్ కావాలి కాబట్టి ఉంచుతాం. రేట్లకు, జీతాలకు తీసేస్తాం. తీసేస్తే ఫైలు బయటికి పోదని మాత్రం అనుకోకండి. ఫోన్‌తో స్క్రీన్‌ను ఫోటో తీస్తే ఏ టిక్కూ ఆపలేదు. బద్ధకంగా ఫార్వర్డ్ చేసేవాళ్లను ఆపుతుంది, అది చాలా వరకు పనికొస్తుంది.

కింద జనరల్ యాక్సెస్ అని ఉంటుంది. అది రెస్ట్రిక్టెడ్ అని ఉండాలి. "ఎనీవన్ విత్ ద లింక్" పెడితే ఆ లింకు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు తెరవగలరు, వాళ్ల పేర్లు లిస్టులో కనిపించవు. అన్నిటికన్నా ముఖ్యంగా, మీరు లిస్టులోంచి ఒక మనిషిని తీసేసినా, లింకు దగ్గరుంటే అతను మళ్లీ లోపలికి వస్తాడు. మా ఆఫీసులో ఇలాంటి లింకు పెట్టేది ఒక్కదానికే. తేజ, 334, సన్నం అనే మిర్చి రకాల పొడవు, రంగు, ఘాటు వివరాల బ్రోచర్. అది ఎంతమంది చూస్తే అంత మంచిది.

"అమ్మా, మెయిల్ అడిగితే పార్టీ చిరాకు పడతాడు, లింకు పెట్టి వాట్సాప్‌లో పడేద్దూ" అని మా ఓనరు గారు సీజన్‌కు ఒకసారైనా అంటారు. పార్టీ చిరాకు పడటం నేను చూడలేదు. వాళ్ల ఆఫీసులోనూ నాలాంటివాళ్లు ఒకరు ఉంటారు కదా.

అవతలివాళ్లకు జీమెయిల్ లేకపోతే వాళ్ల ఆఫీసు మెయిల్‌తోనే గూగుల్ ఖాతా తెరుచుకోవచ్చు. వర్క్‌స్పేస్‌లో విజిటర్ షేరింగ్ అని ఉంది. మెయిల్‌కు వచ్చే పిన్ కొట్టి ఖాతా లేకుండానే చూడవచ్చు. వన్‌డ్రైవ్‌లోనూ ఎంచుకున్న వ్యక్తులకే ఇస్తే మెయిల్‌కు కోడ్ పంపే ఏర్పాటు ఉంది. డబ్బు కట్టే ప్లానుల్లో లింకుకే పాస్‌వర్డ్, గడువు తేదీ పెట్టవచ్చు.

చైనా పార్టీలతో కథ వేరు. మన తేజ ఎక్కువగా వెళ్లేది అక్కడికే, అక్కడ గూగుల్ తెరుచుకోదు, వాట్సాపూ అంతే. వాళ్ల వీచాట్‌ను 2020లో మన ప్రభుత్వం నిషేధించింది. మిగిలింది మామూలు ఈమెయిల్. అందుకని వాళ్లకు పాస్‌వర్డ్ ఉన్న పీడీఎఫ్ పంపి, పాస్‌వర్డ్ ఫోన్లో చెబుతాం. పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ పెట్టడానికి ఉచిత వెబ్‌సైట్లలో అప్‌లోడ్ చేయకండి. దాచాలనుకున్న కాగితాన్ని ముక్కూ మొహం తెలియని సైటుకు ఇచ్చినట్టవుతుంది. లిబ్రే ఆఫీస్‌లో పీడీఎఫ్‌గా మార్చేటప్పుడే ఆ సదుపాయం ఉంది, వర్డ్‌లోనూ ఉంది.

రేట్ల షీటు

షీట్లలో ఒక భ్రమ ఉంది. కాలమ్ దాచేస్తే, ట్యాబ్ దాచేస్తే ఎవరూ చూడలేరు అనుకుంటారు. ఒక కాపీ తీసుకుంటే దాచినదంతా అందులో తెరుచుకుంటుంది. ప్రొటెక్ట్ షీట్ అన్నది కూడా మార్చకుండా ఆపుతుందే గానీ చూడకుండా ఆపదు. కొన్న ధర ఉన్న షీటును అమ్మే ధర ట్యాబ్ కోసం బయటికి ఇవ్వడమంటే రెండూ ఇవ్వడమే.

కొంచెం తెలిసినవాళ్లు ఇంపోర్ట్‌రేంజ్ ఫార్ములాతో వేరే షీటులోకి కావలసిన గళ్లే లాక్కొస్తారు. అది బాగానే ఉంటుంది, ఒక షరతు మీద. రెండు షీట్లను కలపడానికి ఒకసారి అనుమతి ఇచ్చాక, ఆ రెండో షీటులో ఎడిటర్‌గా ఉన్న ఎవరైనా ఫార్ములా మార్చి అసలు షీటులోని ఏ భాగాన్నయినా తెచ్చుకోవచ్చు. కాబట్టి రెండో షీటు బయటివాళ్లకు వ్యూయర్‌గానే ఇవ్వాలి. నాకైతే ఆ టెన్షన్ కూడా వద్దు. రేట్లు కావాలంటే ఆ రోజు విలువలను పేస్ట్ చేసి, పీడీఎఫ్ చేసి ఇస్తాను. రేపటికి అది ఎలాగూ పాతబడుతుంది.

కూలీల ఆధార్ కాపీలు

తొడిమలు తీసే ఆడవాళ్లు, హమాలీలు, డ్రైవర్లు, వీళ్ల ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ఫోటోలు గోడౌన్ వాట్సాప్ గ్రూపులో పడుతుంటాయి. ప్రతి గ్రూపు సభ్యుడి ఫోన్ గ్యాలరీలోకీ చేరతాయి. "అక్కా, పని తొందరగా అవుతుందని పెట్టాను" అంటాడు మా కుర్రాడు. పని అయ్యాక వాటిని తీసే మార్గమే లేదు, నా కొలత ప్రకారం అన్నిటికన్నా చెడ్డ షేరింగ్ ఇదే.

ఇప్పుడు పద్ధతి ఇది. సూపర్‌వైజర్ ఫోన్లో డ్రైవ్ యాప్ ఉంది, స్కాన్ చేస్తే నేరుగా "జీతాలు, కూలీలు" ఫోల్డర్‌లోకి వెళ్తుంది. ఆధార్ నంబరు మొత్తం అవసరం లేని చోట మాస్క్‌డ్ ఆధార్ తీసుకుంటాం, అందులో చివరి 4 అంకెలే కనిపిస్తాయి. ప్రింట్ కోసం జిరాక్స్ షాపు నంబరుకు వాట్సాప్ చేయడం, షాపు కంప్యూటర్లో ఆఫీసు జీమెయిల్ తెరవడం రెండూ బంద్. ఒక మామూలు ప్రింటర్ కొనుక్కోమని గట్టిగా అడిగాను, కొన్నారు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. ఇలాంటి సమాచారానికి తగిన రక్షణ పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చని అందులో ఉంది. ఓనరు గారికి ఆ అంకె చూపించాకే ప్రింటర్ వచ్చిందని నా అనుమానం.

ఒక్క పాస్‌వర్డ్, పది మంది

ఆఫీసు జీమెయిల్ పాస్‌వర్డ్ అందరికీ తెలిసి ఉండటం ఎక్కడ చూసినా మామూలే. అప్పుడు యాక్టివిటీలో ఎవరు ఏం చేసినా ఒకటే పేరు పడుతుంది, ఒకరిని తియ్యాలంటే అందరికీ పాస్‌వర్డ్ మార్చాలి. ఎవరి ఖాతాతో వాళ్లు రావాలి, ఆఫీసు ఖాతా మాత్రం ఇద్దరి దగ్గరే ఉండాలి.

ఆ ఖాతాకు టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. ఎస్ఎంఎస్ కన్నా అథెంటికేటర్ యాప్ మేలు. బ్యాకప్ కోడ్లు 10 వస్తాయి, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. ప్రింట్ తీసి బీరువాలో పెట్టండి. రికవరీ ఫోన్ నంబరు ఎవరిదో ఇప్పుడే ఒకసారి తెరిచి చూడండి. చాలా చోట్ల అది ఖాతా తెరిచినరోజు పక్కనున్న కుర్రాడిది అయి ఉంటుంది.

ఉద్యోగి మానేసినప్పుడు

చివరి రోజు సాయంత్రం, అతను ఎదురుగా ఉండగానే చేస్తే మర్యాదగా ఉంటుంది, అనుమానించినట్టు ఉండదు. ముందు అతని పేరు మీదున్న ఫైళ్ల ఓనర్‌షిప్ ఆఫీసుకు మార్చుకోవాలి. డ్రైవ్ వెతుకు పెట్టెలో ఓనర్ అని ఇంగ్లీషులో కొట్టి, కోలన్ పెట్టి అతని మెయిల్ రాస్తే, అతనివి అయి మీకు కనిపించే ఫైళ్లన్నీ వస్తాయి. తరవాత గ్రూపుల్లోంచి, ఫోల్డర్లలోంచి తీసెయ్యాలి. ఆఫీసు కంప్యూటర్‌లో అతని జీమెయిల్, అతని ఫోన్లో ఆఫీసు ఖాతా రెండూ సైన్ అవుట్ చేయించాలి. ఆఫీసు నంబరు వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూడాలి. ఐస్‌గేట్ (కస్టమ్స్), డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య శాఖ), జీఎస్టీ పోర్టళ్లలో అతని ఫోన్ నంబరు ఉంటే మార్చాలి. ఇవి క్లౌడ్ కాదు గానీ మరిచిపోయేది వీటినే.

వర్క్‌స్పేస్ ఖాతా అయితే వెంటనే డిలీట్ చేయకండి, సస్పెండ్ చేయండి. డిలీట్ చేస్తే తిరిగి తెచ్చుకోవడానికి 20 రోజులే గడువు. ఫైళ్లు బదిలీ అయ్యాయని చూసుకున్నాక తీసెయ్యవచ్చు.

మే నెలలో ఒకసారి

వేసవిలో, మామూలుగా మే నెలలో, యార్డుకు సెలవులు ఇస్తారు. కోల్డ్ స్టోరేజీ సరుకు తప్ప పెద్ద హడావుడి ఉండదు. అప్పుడు పాత కాగితం తీసి, ఒక్కో పై ఫోల్డర్ షేర్ లిస్టు దానితో పోల్చి చూస్తాను. కాగితంలో లేని పేరు కనిపిస్తే తీసేస్తాను. అవసరమైతే వాళ్లే ఫోన్ చేస్తారు. గడువు తేదీ పెట్టే వీలు వర్క్‌స్పేస్ ప్లానుల్లో కొన్నిటికే ఉంది. ఆడిటర్ గారి ఆఫీసుకు అలాగే పెడతాం, అక్కడ ఆర్టికల్ క్లర్కులు (సీఏ ట్రైనింగ్‌లో ఉన్న పిల్లలు) మారుతూ ఉంటారు. ఉచిత ఖాతా అయితే క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టుకోండి. గూగుల్ ఖాతా సెక్యూరిటీ పేజీలో బయటి యాప్‌ల లిస్టు కూడా ఉంటుంది. స్కానింగ్ యాప్ ఒకటి ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసి, డ్రైవ్ మొత్తం చూసే అనుమతి ఇచ్చి ఉంటారు.

అదే రోజు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి ఒక కాపీ. కంప్యూటర్‌తో సింక్ అవుతోంది కదా అనుకోకండి. ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది. ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది, పీడీఎఫ్, ఎక్సెల్ ఫైళ్ల పాత వెర్షన్లు కూడా మామూలుగా అంతే. జీఎస్టీ రికార్డులైతే వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి.

తప్పు చోటికి వెళ్తే

మొదట రెస్ట్రిక్టెడ్ పెట్టి, ఆ మనిషిని లిస్టులోంచి తీసెయ్యండి. ఫోన్ చేసి తిట్టుకోవడం, వివరణలు తరవాత. ఫైలు పక్కన యాక్టివిటీ తెరిస్తే ఎవరు మార్చారు, ఎవరికి షేర్ చేశారు అన్నది కనిపిస్తుంది. అతను అప్పటికే డౌన్‌లోడ్ చేసుకుని ఉంటే దాన్ని వెనక్కి తేలేం, ఉన్నదాన్ని బట్టి మసలుకోవాలి. రేట్లయితే మారుస్తాం. కూలీల బ్యాంకు వివరాలయితే వాళ్లకు చెప్పాలి, దాచకూడదు.

ఇన్‌వాయిస్ బయటికి పోతే ఇంకో ప్రమాదం ఉంది. అందులోని బ్యాంకు ఖాతా నంబరు మార్చి, మన మెయిల్‌ను పోలిన మెయిల్ నుంచి కొనుగోలుదారుకు పంపే మోసం ఎగుమతిదారులందరికీ తెలిసిందే. పార్టీకి వెంటనే ఫోన్ చేసి, ఖాతా మారలేదని, మారితే ఫోన్లో మా గొంతు వినకుండా డబ్బు పంపవద్దని చెప్పండి. డబ్బు అప్పటికే పోయుంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేసి, బ్యాంకుకు కూడా చెప్పాలి. ఎంత తొందరగా చెబితే అంత మంచిది.

చివరిగా ఆ లింకు సంగతి. రెస్ట్రిక్టెడ్ పెట్టగానే పాత లింకు బయటివాళ్లకు పనిచేయడం ఆగుతుంది. కానీ ఆరు నెలల తరవాత ఎవరో మళ్లీ ఎనీవన్ అని మార్చితే అదే పాత లింకు, ఎవరెవరి వాట్సాప్‌లలో ఉందో వాళ్లందరికీ మళ్లీ తెరుచుకుంటుంది, ఎందుకంటే ఫైలు అడ్రసు మారదు. అందుకని అలా పొక్కిన ఫైలుకు ఆఫీసు ఖాతాలో ఒక కాపీ చేసి, ఇక దానిలోనే పని మొదలుపెడతాను. పాతదాన్ని ట్రాష్‌లో వేసి, ట్రాష్‌లోంచి కూడా తీసేస్తాను.